మూడు కాళ్ళ గొర్రెపిల్ల

1999 డిసెంబరు 23, గురువారం. పొద్దున ఆరున్నరకు పూలమ్మ ఇసుక జల్లించడం మొదలుపెట్టింది. మార్కెట్ యార్డుకు పోయే టమోటా లారీలు వీధి చివర హారన్ కొడుతున్నాయి. జల్లించిన ఇసుకను పొయ్యి మీది డేక్సాలో నాలుగు వేళ్ళ మందాన పోసి, దాని మీద ఇనుప రింగు, రింగు మీద పళ్ళెంలాంటి తట్ట పెట్టింది. డేక్సా మూసి, మూత మీద బొగ్గులు పేర్చింది. మదనపల్లెలో ఆ ఇంటి ఓవెన్ అదే.

పూలమ్మకు అరవై రెండేళ్ళు. ఊళ్ళోని మిషన్ బంగళాలో ఇరవై ఆరేళ్ళు వంట చేసింది. బంగళా దొరసాని క్రిస్మస్‌కు చక్కెర బిస్కెట్లు చేసేది. మైదా, చక్కెర, వెన్న, గుడ్లు కలిపి, పిండిని చపాతీలా వత్తి, రేకు అచ్చులతో కోసి కాల్చేది. కాలినవాటి మీద చక్కెర పొడి, తెల్లసొన కలిపిన పాకంతో బొమ్మలు గీసేది. 1981లో దొరసాని తన దేశం వెళ్ళిపోతూ నాలుగు అచ్చులు పూలమ్మ చేతిలో పెట్టింది. నక్షత్రం, గంట, చెట్టు, గొర్రెపిల్ల. ఆ తర్వాత ఏ క్రిస్మస్‌కూ పూలమ్మ బిస్కెట్లు చేయడం మానలేదు. కొలతలు కాగితం మీద లేవు, లోటాలో ఉన్నాయి.

మొగుడు చిన్నస్వామి గడప మీద కూర్చున్నాడు. అదే బంగళాలో తోటపని చేసి రిటైరయ్యాడు.

"ఏమే, విరిగినవి ఏమన్నా ఉండాయా?"

"పిండే కలపలేదు. అప్పుడే యాడ విరుగుతాయి?"

"ముందే అడిగి పెట్టుకుంటాండా. తరవాత లేవంటావు."

"పోయినేడు చెట్లన్నీ నువ్వే విరగ్గొట్టినావు. నేను సూడలేదనుకున్నావా?"

"చెట్టు విరిగేది గాలికే. నేను తోటమాలిని, నాకు తెలీదా?"

పూలమ్మ మూత తీసి, తట్ట మీద చిటికెడు మైదా చల్లింది. అన్నం ముందు చేసే ప్రార్థన ఒకసారి చెప్పుకునేలోగా మైదా ఎర్రబడితే వేడి సరిపోయినట్టు. సగం ప్రార్థనకే ఎర్రబడితే కొన్ని బొగ్గులు తీసేయాలి. ఆ రోజు ఆమేన్ దగ్గర ఎర్రబడింది.

కూతురు అమరావతి లోపల నిద్రపోతోంది. కుప్పంలో ఒక నర్సింగ్ హోంలో స్టాఫ్ నర్సు. ఐదు రోజులు సెలవు పెట్టి నిన్న సాయంత్రం బస్సులో వచ్చింది. బొమ్మలు గీయడానికి ప్రతి ఏడూ కొత్త సిరంజిలు తెస్తుంది. సూది తీసేసి, పది సీసీ సిరంజిలో చక్కెర పాకం నింపితే దారం మందాన గీత వస్తుంది. కాగితం పొట్లంతో అంత సన్నగా రాదు.

మొదటి వాయి తట్ట మీదికి ఎక్కాక, సిరంజిల కోసం పూలమ్మ కూతురి బ్యాగు తెరిచింది. సిరంజిలు పైనే ఉన్నాయి. వాటి కింద మడత పెట్టిన అట్టపెట్టెలు రెండు కనిపించాయి. కొత్తవి. మీద బెంగళూరు బేకరీ పేరు అచ్చేసి ఉంది.

అమరావతి లేచి వచ్చేసరికి ఆ పెట్టెలు పొయ్యి పక్కన పీట మీద ఉన్నాయి.

"ఇవి యాల తెచ్చినావు?" అంది పూలమ్మ.

"రేపటికి."

"రేపు ఏముండాది?"

రేపు ఏముందో ఇద్దరికీ తెలుసు. పుంగనూరు నుంచి రామచంద్ర తల్లిదండ్రులు వస్తున్నారు. రామచంద్ర కుప్పంలో బ్యాంకు ఉద్యోగి. అమరావతిని చేసుకుంటానని రెండేళ్ళుగా ఇంట్లో చెబుతున్నాడు. వాళ్ళది పన్నెండెకరాల వ్యవసాయం ఉన్న ఇల్లు. పూలమ్మ, చిన్నస్వామి పుట్టింది అలాంటి పొలాల్లో కూలికి పోయే ఇళ్ళలో. వాళ్ళ తల్లులు ఆ ఇళ్ళ గడప దాటి లోపలికి పోయింది లేదు. రామచంద్ర తల్లి రెడ్డెమ్మ రెండేళ్ళు కాదని, పోయిన నెలలో మొదటిసారి "ఆ ఇంటికి ఒకసారి పోయొస్తా" అంది. తిరిగిపోయాక అవుననీ చెప్పవచ్చు, కాదనీ చెప్పవచ్చు.

"రెడ్డెమ్మ గారికి నీ బిస్కెట్లంటే ఇష్టం మా," అంది అమరావతి.

"నా బిస్కెట్లు ఆమెకు ఎట్లా తెలుసు?"

అమరావతి పీట మీద కూర్చుంది. కథ చిన్నదే. మూడేళ్ళ కింద, 96 డిసెంబరులో, పిత్తాశయంలో రాళ్ళకు ఆపరేషన్ చేయించుకుని రెడ్డెమ్మ ఆ నర్సింగ్ హోంలో తొమ్మిది రోజులు ఉంది. చూసుకున్నది అమరావతి. రామచంద్ర పరిచయమైంది అక్కడే. పండగ మర్నాడు అమరావతి డ్యూటీకి వెళ్తూ ఇంటి బిస్కెట్లు పట్టుకుపోయింది. రెడ్డెమ్మ చేతిలోకి తీసుకుని, "ఎవరు చేసినారు?" అని అడిగింది.

"బెంగళూరు బేకరీవి అన్నాను," అంది అమరావతి. "నోట్లోంచి వచ్చేసింది. పోయినేడూ, అంతకు ముందేడూ ఆమే అడిగి తెప్పించుకుంది. పెట్టెలో పెట్టిచ్చాను."

"ఆ అబ్బాయికి తెలుసా?"

"తెలుసు. తర్వాత చెప్పొచ్చులే అన్నాడు."

పూలమ్మ మూత మీద బొగ్గులు సర్దింది. వాసన వచ్చాక తీస్తే ఆలస్యం. వాసన రాకముందే మూత తీసి, పన్నెండు నక్షత్రాలను చాట మీదికి దించింది. ఒక్కటీ మాడలేదు.

"ఇవి బాగుండాయా లేదా?"

"బాగుండాయి గనకే కదా మూడేళ్ళుగా అడిగేది."

"బాగుండేవాటికి వేరేవాళ్ళ పేరు యాల పెట్టినావు? బాగలేనివాటికి పెట్టుకుంటారు అట్లా."

"నీకు తెలీనట్టు మాట్లాడతావేం మా?" అమరావతి గొంతు లేచింది. "ఎదురింటి ఎల్లమ్మత్తకు క్రిస్మస్‌కి నువ్వు ఏం పంపిస్తావు? చెప్పు."

పూలమ్మ చాట మీది నక్షత్రాలు సర్దింది.

"అరటిపళ్ళు. బజారులో కొన్న కేకు, సీలు తీయకుండా. నాకు బుద్ధి తెలిసినప్పటి నుంచీ అంతే. నువ్వు చేసినవి చర్చి వాళ్ళకు పోతాయి, మన చుట్టాలకు పోతాయి. ఎల్లమ్మత్త ఇంటికి ఒక్కసారి పోయినాయా? ఎందుకు పోలేదు? నువ్వు నేర్పించిందే నేను చేశాను. నేను పెట్టెలో పెట్టాను, నువ్వు అది కూడా పెట్టలేదు."

చిన్నస్వామి గడప మీది నుంచి లేచి, వాకిట్లో పని లేకపోయినా వాకిట్లోకి పోయాడు.

కూతురు చెప్పింది నిజం. ఆ వీధిలో ఉండే క్రిస్టియన్ ఇళ్ళన్నీ అంతే. ఊరివాళ్ళకు పంపే పళ్ళెంలో ఇంట్లో వండింది ఉండదు. పంపితే వాళ్ళు తీసుకుంటారు, నవ్వుతారు, తలుపేసుకుంటారు. ఆ తర్వాత అది ఎవరికి పోతుందో అందరికీ తెలుసు. పంపకుండా ఉంటే ఆ సంగతి తెలుసుకోవలసిన పని ఉండదు. పూలమ్మ ఇన్నేళ్ళూ దాన్ని మర్యాద అనుకుంది.

రెండో వాయి పిండి వత్తుతూ పూలమ్మ చెప్పింది.

"నేను చేసింది తప్పే. నువ్వు చేసింది కూడా. రేపు ఈ పెట్టెలు వాడేది లేదు."

"ఆమె లేచి పోతే?"

"లేచి పోయేదుంటే రేపే పోనీ. పెండ్లయినాక నీ సేతి కూడు తినాల కదా ఆమె. అప్పుడు దాన్ని కూడా అట్టపెట్టెలో పెట్టిస్తావా?"

అమరావతి ఏడ్చింది. పూలమ్మ ఆపమనలేదు. సిరంజి ఒకటి తీసి కూతురి ముందు పెట్టింది.

"ఏడ్సేది అయినాక గొర్రెపిల్లలకు కాళ్ళు పెట్టు. పాకం ఎండిపోతాది."

ఆ కాళ్ళకు ఒక లెక్క ఉంది. దొరసాని ఇచ్చిన గొర్రెపిల్ల అచ్చు 88లో తుప్పు పట్టి విరిగింది. చిన్నస్వామి నూనె డబ్బా ఒకటి తీసుకుపోయి బజారులో రేకు పని చేసే అతని చేత కొత్తది చేయించాడు. నాలుగో కాలు దగ్గరికి వచ్చేసరికి రేకు చాలలేదు. రేకు అతను మూడు కాళ్ళతో అతికించి ఇచ్చి, "ఇదేమన్నా నడిచేదా?" అన్నాడు. అప్పటి నుంచి ఆ ఇంటి గొర్రెపిల్లలు మూడు కాళ్ళతో కాలుతాయి. నాలుగో కాలు పూలమ్మ చక్కెర పాకంతో గీస్తుంది.

మర్నాడు పదకొండు గంటలకు వాళ్ళు వచ్చారు. ముందు రామచంద్ర, వెనక తండ్రి వెంకటరమణ, చివర రెడ్డెమ్మ. రెడ్డెమ్మ చెప్పులు విడిచి, గోడ మీద ఉన్నవన్నీ చూసి, కుర్చీలో అంచున కూర్చుంది. చిన్నస్వామి సోడాలు తెప్పించాడు. సీసాలు వాళ్ళ ఎదురుగానే కొట్టించాడు. ముగ్గురూ తాగారు.

"బస్సులో రద్దీగా ఉండిందా అప్పా?" అని చిన్నస్వామి వెంకటరమణను అడిగాడు.

"సందు లేదు. పండగ కదా మీకు. మా పక్కన ఒకాయన కోడిపుంజును ఒళ్ళో పెట్టుకోని కూసున్నాడు. దానికీ టికెట్టు కొట్టమని కండక్టరు, ఒళ్ళో ఉండే బిడ్డకు కొడ్తావా అని ఆయన."

"ఎవరు గెలిసినారు?"

"కోడి. కండక్టరును పొడిసింది."

రెడ్డెమ్మ కూడా నవ్వింది. అరటిపళ్ళ పళ్ళెం వచ్చింది. వెంకటరమణ ఒకటి వలిచాడు. రామచంద్ర క్యాలెండరు చూస్తున్నాడు. ఆ నెలలో ఇంక వారం రోజులే ఉన్నా చాలాసేపు చూశాడు.

రెడ్డెమ్మ అమరావతి వైపు తిరిగింది.

"ఏమ్మా, ఈ యేడు బెంగళూరు బిస్కెట్లు రాలేదా? నేను దార్లోనే మావాడితో అన్నా, ఆ గొర్రెపిల్లవి ఉండాయో లేదో అని."

పూలమ్మ వంటింట్లోకి పోయి రెండు తెచ్చి బల్ల మీద పెట్టింది. ఒకటి మడత విప్పిన అట్టపెట్టె, ఖాళీది. రెండోది స్టీలు డబ్బా, నిండుగా ఉంది. డబ్బా మూత మీద "సి. పూలమ్మ" అని చెక్కి ఉంది. రిటైరైన నాడు బంగళా పనివాళ్ళు ఇచ్చింది.

"ఏది ఇయ్యాలో నువ్వే సెప్పు," అంది కూతురితో. పోయి తలుపు దగ్గర నిలబడింది.

అమరావతి అట్టపెట్టెను మడిచి బల్ల కింద పెట్టింది. డబ్బా మూత తీసింది.

"ఇవి బెంగళూరువి కావు ఆంటీ. ఎప్పుడూ కావు. మా అమ్మ చేసినవి. ఆ రోజు మీరు అడిగితే బేకరీ అని చెప్పాను. మూడేళ్ళూ అదే చెప్పాను."

వెంకటరమణ తింటున్న అరటిపండు చేతిలో ఆగింది. రామచంద్ర క్యాలెండరు వదిలి తల్లి వైపు చూశాడు.

"నాకు తెలుసు మా," అన్నాడు. "నేను కూడా చెప్పలేదు."

రెడ్డెమ్మ డబ్బాలోకి చూసింది. పైన గొర్రెపిల్ల ఉంది. మూడు కాళ్ళు బిస్కెట్టువి, ఒకటి చక్కెరది. ఆమె లేచింది. అమరావతి తల దించుకుంది. కానీ రెడ్డెమ్మ వీధి వైపు పోలేదు.

"వంటిల్లు యాడ?" అని అడిగింది.

పూలమ్మ దారి ఇచ్చింది. రెడ్డెమ్మ వంటింటి గడప బయటే ఆగి లోపలికి చూసింది. డేక్సా, ఇసుక, బొగ్గులు చూసింది. మేకుకు వేలాడే అచ్చులు చూసింది. గొర్రెపిల్ల అచ్చు దగ్గర ఆమె చూపు నిలిచింది.

"దీనికి మూడే కాళ్ళు ఉండాయి."

"రేకు సాల్లేదమ్మా," అంది పూలమ్మ. "నాలుగోది నేను పెడ్తా."

"బేకరీవాడు ఒక కాలు యాల చక్కెరతో పెడ్తాడని మూడేండ్లుగా అడగాలనుకుంటా ఉండా." డేక్సా వైపు చూసి, "లోటా మైదాకు వెన్న ఎంత పడ్తాది?" అంది.

"ముప్పావు లోటా. పొద్దున తీసిన వెన్న అయితే కొంచెం తక్కువ. నీళ్ళుంటాయి దాంట్లో."

"ఇసకలో మాడవా?"

"మాడనియ్యను."

రెడ్డెమ్మ తలూపింది. తర్వాత పూలమ్మ మొహంలోకి చూసి చెప్పింది.

"ఒక మాట సెప్తా. ఆ పొద్దు ఆస్పత్రిలో నీ కూతురు నిజం సెప్పింటే నేను తినేదాన్ని కాదు. తీసుకోని, మంచం కింద పెట్టి, ఎవరికన్నా ఇచ్చేసేదాన్ని. అబద్ధం ఆడను."

ఇల్లంతా విన్నది ఆ మాట.

"తెలుసు," అంది పూలమ్మ. "అందుకే అది సెప్పలేదు. అట్లా సెప్పకుండా ఉండేది నా దగ్గరే నేర్సుకునింది. ఇప్పుడు సెప్పినాం. మీరు తిన్నా సరే, తినకున్నా సరే, నాకు కోపం లేదు. బేకరీదని మాత్రం తినొద్దండి. ఇరవై ఆరేండ్లు దొరల ఇంట్లో చేసిన సెయ్యి ఇది. వాళ్ళు తిని, ఎవరు చేసినారంటే నా పేరే సెప్పినారు."

వెంకటరమణ గడియారం చూసి, పన్నెండుంబావుకు బస్సుందన్నాడు. అన్నానికి ఉండమని చిన్నస్వామి అన్నాడు, వాళ్ళు ఉండలేదు. రెడ్డెమ్మ చెప్పులు వేసుకుని, మళ్ళీ విడిచి, లోపలికి వచ్చింది. బల్ల మీది స్టీలు డబ్బాకు మూత పెట్టి చంకలో పెట్టుకుంది.

"ఇది ఎత్తుకోని పోతాండా," అంది.

వాళ్ళు వీధి మలుపు తిరిగాక చిన్నస్వామి అన్నాడు.

"డబ్బా పోయింది. మంచి డబ్బా."

"పోనీ," అంది పూలమ్మ.

"తింటుందంటావా మా?" అని అమరావతి అడిగింది.

"నాకేం తెలుసు? నేను చేసేది బిస్కెట్లే కదా."

అమరావతి బల్ల కింది అట్టపెట్టె తీసింది. పొయ్యి దగ్గర కూర్చుని దాంతో బొగ్గులు విసరడం మొదలుపెట్టింది. చర్చికి ఇంకా వంద కావాలి. రాత్రికి రెండు పెట్టెలూ అంచులు కాలి, పట్టుకోవడానికి పనికిరాకుండా పోయాయి.

పండగ రోజు చర్చి నుంచి వచ్చాక పూలమ్మ స్టీలు పళ్ళెంలో ఆరు నక్షత్రాలు, రెండు గొర్రెపిల్లలు పెట్టి వీధి దాటింది. ఆ పళ్ళెం మీద కూడా ఆమె పేరుంది. ఎల్లమ్మ గుమ్మంలోకి వచ్చి పళ్ళెం వైపు చూసింది.

"అరటిపళ్ళు లేవా ఈసారి?"

"లేవు ఎల్లమ్మా. నేను చేసినవి ఇవి."

"ఓ," అంది ఎల్లమ్మ. పళ్ళెం తీసుకుంది. సాయంత్రం దాన్ని కడిగి, ఒక బెల్లం గడ్డ పెట్టి తిరిగి ఇచ్చింది. తిన్నారో లేదో చెప్పలేదు. పూలమ్మ అడగలేదు. వచ్చే ఏడు కూడా ఇవే పంపాలని మాత్రం అనుకుంది.

పుంగనూరు నుంచి మూడు రోజులు కబురు రాలేదు. పక్క వీధిలో ఒక ఇంట్లో ఫోనుంది. అమరావతి రోజుకు రెండుసార్లు ఆ ఇంటి ముందు నుంచి నడిచి వచ్చింది. ఇరవై ఏడో తేదీ రాత్రి బ్యాగు సర్దుకుంటూ, "ఇక రాదులే మా" అంది. పూలమ్మ కూతురి తెల్ల చీరలు ఇస్త్రీ మడతలు పోకుండా బ్యాగులో పెట్టింది.

"వచ్చినా రాకున్నా, నువ్వు చెప్పినావు. అది పోదు," అంది.

ఇరవై ఎనిమిది, మంగళవారం. అమరావతి పదింటి బస్సుకు బయలుదేరాలి. తొమ్మిదింటికి రామచంద్ర వచ్చాడు. చంకలో స్టీలు డబ్బా ఉంది. బస్సు దిగి నడుస్తూ వచ్చినట్టున్నాడు, చొక్కా చెమటకు తడిసింది. డబ్బా తెచ్చి పూలమ్మ చేతికే ఇచ్చాడు.

డబ్బా బరువుగా ఉంది.

పూలమ్మ మూత తీసింది. నిండా నిప్పట్లు ఉన్నాయి. బియ్యప్పిండిలో కారం కలిపి చేసి, వేరుశెనగలు అద్ది, నూనెలో కాల్చినవి. రెడ్డెమ్మ ఇంటి పొయ్యి మీద చేసినవి. అన్నీ గుండ్రంగా ఉన్నాయి, ఒక్కటి తప్ప. అది పైన కాగితం మీద విడిగా ఉంది. అచ్చు లేకుండా కత్తితో కోసినట్టు తెలుస్తోంది. తల పెద్దది, తోక వంకర. కాళ్ళు మూడు.

"ఐదు చేస్తే నాలుగు నూనెలో విరిగినాయి," అన్నాడు రామచంద్ర. "నిన్నంతా అదే పని. బిస్కెట్లు ఆ సాయంత్రమే నాయన ఒకటి తీసుకున్నాడు. అమ్మ రెండు రోజులు డబ్బా వైపు చూస్తా తిరిగింది. మొన్న పొద్దున కాఫీతో తినింది. తిని, ఇంకోటి తినింది. పనిమనిషి అడిగితే, మదనపల్లెలో మా పూలమ్మ చేసింది అని చెప్పింది."

అమరావతి వంటింటి తలుపు పట్టుకుని నిలబడింది.

"ఏమన్నా సెప్పి పంపిందా?" అని చిన్నస్వామి అడిగాడు.

"చెప్పింది." రామచంద్ర డబ్బాలోని గొర్రెపిల్లను చూపించాడు. "నాలుగో కాలు వదినను పెట్టమని చెప్పు, అనింది."

వియ్యపురాలిని పిలిచే పిలుపు అది. పూలమ్మకు ఒక్క క్షణం పట్టింది. ఆమె డబ్బాను బల్ల మీద పెట్టి, చేతులు చీర కొంగుకు తుడుచుకుంది. అవి తడిగా లేవు. మళ్ళీ తుడుచుకుంది.

అమరావతి అప్పుడు ఏడ్చింది. తల్లి పేరు చెప్పడానికి తాను మూడేళ్ళు భయపడింది. ఆ పేరును పుంగనూరులో ఒక ఇంట్లో, ఎవరూ చెప్పమనకుండా, ఒకామె పనిమనిషితో చెప్పింది. కొంగు నోటికి అడ్డం పెట్టుకుని, "నేనే చెప్పి ఉండాల్సింది మా, ఆ రోజే," అంది.

"ఇప్పుడు సెప్పినావు కదా. పోయి పాకం కలుపు. గుడ్డు ఒకటి ఉండాది, తెల్లసొన తియ్యి."

"కారం మీద చక్కెరా?" అన్నాడు చిన్నస్వామి. "ఎవరు తింటారు దాన్ని?"

"నువ్వు తింటావు. విరిగినవన్నీ తినేది నువ్వే కదా."

"అది విరగలేదే."

"అయితే ముట్టుకోవద్దు."

అమరావతి పాకం కలిపి సిరంజిలో నింపింది. సిరంజి తల్లికి ఇచ్చింది. పూలమ్మ కిటికీ దగ్గరికి వెలుతురులోకి డబ్బా జరిపి, వంగి, మూడు కాళ్ళ పక్కన నాలుగో కాలు గీసింది. గిట్ట దగ్గర చిన్న చుక్క పెట్టి వదిలింది.

పదింటి బస్సు పోయింది. ఆ చక్కెర కాలు ఎండేదాకా ఎవరూ కదల్లేదు.